మూసిన అంబారీ ఆఖరి పదహారు పేజీలు

మా గోగులంక శాఖా గ్రంథాలయంలో ప్రతి పుస్తకంలోనూ రెండు రకాల రాతలుంటాయి. ఒకటి రచయిత రాసింది, అచ్చులో ఉంటుంది. రెండోది పాఠకులు రాసింది, పెన్సిలుతో ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ మూడో గ్రేడు గ్రంథపాలకుణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, చాలా పుస్తకాల్లో రెండోదే బాగుంటుంది.

"ఈ పెద్దరాణి అచ్చం మా ఆడపడుచే" అని ఒకావిడ అంచులో రాస్తుంది. దాని కింద ఇంకొకావిడ "మీదే ఊరు వదినా?" అని అడుగుతుంది. దాని కింద ఎవరో పెద్దమనిషి "పుస్తకంలో రాయరాదు" అని పుస్తకంలోనే రాస్తాడు. రాసి సంతకం కూడా పెడతాడు.

మా ఊళ్ళో జనం ఎగబడి చదివేది చారిత్రక అపరాధ పరిశోధన నవలలు. రాజుల కాలంలో ఒక హత్య జరుగుతుంది. వేలిముద్రలు లేవు, ఫోన్లు లేవు, కెమెరాలు లేవు. ఎవరో ఒక మంత్రి బుర్ర గోక్కుని, ఎవరు చంపారో పట్టుకోవాలి. ఇవి చదివీ చదివీ మా ఊరివాళ్ళు పుస్తకం మూసేశాక కూడా ఆ కాలంలోనే ఉంటారు. మంగలి షాపులో సగం గడ్డం గీసి, మిగతా సగం విషప్రయోగం మీద చర్చ తేలాక గీస్తారు. ఇంట్లో నేతిగిన్నె తేలికైతే అత్తగారు కోడల్ని తిట్టదు, "కోటలో గూఢచారి ఉన్నాడు" అంటుంది. రేషన్ డీలరుని ఊరంతా కోశాధికారి అంటారు. అతనికి దాని వెనకాల ఉన్న నవల తెలియదు గనక సంతోషంగా పలుకుతాడు.

ఈ నవలలన్నింట్లోకీ మా వాళ్ళకి ప్రాణం "మూసిన అంబారీ". యుద్ధం గెలిచిన రాజుగారి బావమరిది ఏనుగు మీద ఊరేగింపుగా కోటలోకి వస్తాడు. అంబారీకి నాలుగు వైపులా తెరలు. కోట గుమ్మం దగ్గర తెర తొలగించి చెయ్యి ఊపాడు, వేలమంది చూశారు. సభామండపం మెట్ల దగ్గర తెర తీస్తే చచ్చి ఉన్నాడు. మధ్యలో ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. మావటి, రాజవైద్యుడు, జ్యోతిష్కుడు, చిన్నరాణి, తాంబూలం అందించే దాసి, ఈ అయిదుగురి మీదా అనుమానం. మొత్తం మూడువందల ఎనిమిది పేజీలు. అట్టా, రచయిత పేరున్న కాగితమూ ఏనాడో ఊడిపోవడం వల్ల రాసింది ఎవరో తెలియదు. ఇంకో ప్రతి కోసం నేను చాలాచోట్ల వాకబు చేశాను, ఎక్కడా లేదు. ఈ నవలను నేను నాలుగుసార్లు చదివాను. మీకు చెబుతున్నాను గాని, రాతపూర్వకంగా మాత్రం నేను దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

జిల్లా గ్రంథాలయాల ప్రత్యేకాధికారి శ్రీ భానోజీరావుగారు మా శాఖను తనిఖీ చేసి వెళ్తూ, రైల్లో కాలక్షేపానికి ఒక పుస్తకం ఇమ్మన్నారు. "మూసిన అంబారీ" ఇచ్చాను. ఆ పాపం నాదే. రైలు కదిలి కాఫీ వచ్చేలోపు ఆయన అయిదో పేజీకి చేరారు. అక్కడ అంచులో పెన్సిలుతో ఎవరో మహానుభావుడు ఇలా రాశాడు: "చంపింది రాజవైద్యుడు. నా టైము ఎలాగూ పోయింది, మీదైనా మిగుల్చుకోండి."

ఆయన పుస్తకం మూసేశారు. మర్నాడు పదిన్నరకి నాకు ఫోను వచ్చింది.

"త్రినాథరావుగారూ! ఈ దేశములో రహస్యమునకు భద్రత లేదు."

"అవునండి."

"ముప్పది యొక్క సంవత్సరముల సర్వీసులో నేను ఎన్నో రహస్య పత్రములు చూచితిని. ఏ ఒక్కదానిలోను ఆఖరున ఉండవలసినది మొదట లేదు. పాఠకునికి ఉత్కంఠ అనునది హక్కు. దానిని హరించిన వానిని మనము పట్టలేకపోవచ్చును. కాని హరించుటకు వీలులేని పరిస్థితిని కల్పించవచ్చును."

ఇక్కడ ఒక చిక్కుంది. చంపింది రాజవైద్యుడు కాదు. ఆ పెన్సిలువాడు నూట యాభయ్యో పేజీ దగ్గర పుస్తకం మానేసి ఉంటాడు. అక్కడ మానేస్తే ఎవరికైనా వైద్యుడే అనిపిస్తాడు. "సార్, ఆయన కాదండీ" అని నోటిదాకా వచ్చింది. అంటే నేనూ రహస్యం బయటపెట్టినవాణ్ణే అవుతాను కదా! అయిదుగురిలో ఒకర్ని కొట్టేసినట్టే. అందుకని నోరు మూసుకున్నాను. ఆ పూట నోరు తెరిచి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

వారం తిరక్కుండా "ముగింపు భద్రతా నియమావళి" వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త శాఖా గ్రంథపాలకులకు తెలియజేయునది ఏమనగా, చారిత్రక అపరాధ పరిశోధన నవలల యందలి ఆఖరి పదహారు పేజీలను పుస్తకము నుండి వేరుచేసి, లక్కసీలు వేసిన కవరులో ఉంచి, రెండు తాళముల బీరువాలో భద్రపరచవలెను. మిగిలిన పుస్తకమును పాఠకులకు యథావిధిగా ఇవ్వవచ్చును. తాను చదివిన భాగమును సరిగా అర్థము చేసుకొనినట్లు కమిటీ ఎదుట రుజువు పరచుకొనిన పాఠకునికి మాత్రమే ముగింపు మంజూరు చేయబడును."

రెండు తాళాల్లో ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. అయిదో పేజీలోని పెన్సిలు రాతని ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా చేసి తుడిపించాం. సాక్షులు కళ్ళు మూసుకుని సంతకాలు చేశారు.

నియమావళి రెండో భాగం సిబ్బంది గురించి. ముగింపులు తెలిసిన సిబ్బంది ముగింపుల సమీపంలో ఉండరాదు, వెంటనే బదిలీ. మా శాఖలో సిబ్బంది అంటే నేనొక్కణ్ణే. మా అమ్మకి మంచం, నాకు ఈ ఊరు, రెండూ వదిలే వీలు లేదు. "నాకు ఏ చారిత్రక అపరాధ పరిశోధన నవల ముగింపూ తెలియదు" అని సంతకం పెట్టాను. పక్క మండలం గ్రంథపాలకుడు కూడా పెట్టాడు, కాకపోతే ఆయనకి నిజంగానే తెలియదు. ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చారు.

మూడో భాగం బైండరు గురించి. మా పాత బైండరు కోటిలింగం బైండు చేసే ప్రతి పుస్తకాన్నీ చదివేవాడు, అందుకని పనికిరాడన్నారు. కొత్తవాడి కోసం ప్రకటన ఇచ్చారు. అందులో అర్హత: "అభ్యర్థికి చదువుట రాకూడదు. రాదని తెలుపు ధ్రువపత్రము జతపరచవలెను." పరుపులు కుట్టే లోవరాజు ఒక్కడే వచ్చాడు. "ఇతడు మా బడి గడప ఏనాడూ తొక్కలేదు" అని హెడ్మాస్టరుగారు రాసిచ్చిన కాగితం తెచ్చాడు. ఇంటర్వ్యూ ప్రత్యేకాధికారిగారే చేశారు. ఒక అచ్చుపేజీ అతని ముఖం ముందు పెట్టారు.

"ఇది ఏమిటి?"

"కాయితమండి."

"దీనిమీద ఏమున్నది?"

లోవరాజు తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "సీమలు పాకినట్టుందండి. పంచదార గానీ ఒలికిందేమో."

"ఇటువంటి మనిషి కోసమే వెదకుచున్నాము" అన్నారు అధికారిగారు. ఆయన గొంతులో నిజమైన ఆనందం ఉంది.

లోవరాజు పనిమంతుడు. మూడు రోజుల్లో నూట నలభై నవలల ఆఖరి పదహారేసి పేజీలు దబ్బనంతో విప్పి, ఒక్క కాగితం చిరగకుండా తీశాడు. తీసినవన్నీ వరండాలో పరిచి, పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో జతచేస్తుంటే పరుగెత్తుకెళ్ళాను.

"అదేంటి లోవరాజూ, అలా కలిపేస్తున్నావు?"

"ఒకే సైజువి ఒక్కసోట పెడతన్నానండి. దూది కూడా అంతేనండి, పొడుగుపీసు పొడుగుపీసుతోనే ఎయ్యాలి. సూడ్డానికి బాగుంటాది, ఆయ్."

అధికారిగారికి ఫోను చేశాను. "సార్, ఏ పేజీలు ఏ పుస్తకానివో కలిసిపోతున్నట్టున్నాయండీ."

"కలియుచున్నవని మీకు ఎట్లు తెలియును? ఆ పేజీలు చదివితిరా?"

నా సంతకం గుర్తొచ్చింది. "లేదండి" అన్నాను. కవర్ల మీద పుస్తకాల పేర్లు రాయడానికి కూడా వీల్లేకపోయింది, రాసేవాడి కంట పేజీ పడుతుందని. ఒకటి నుంచి నూట నలభై దాకా అంకెలు వేసి లోపల పెట్టేశాం.

ఆ తర్వాత పఠనమందిరంలో బెంచీలు వేరు చేశారు. ఒకవైపు "తెలిసినవారు", ఇంకోవైపు "తెలియనివారు" అని బోర్డులు. బస్సు కండక్టరు నూకరాజు చాలా నవలలు ముందే చదివినవాడు కనక తెలిసినవారి బెంచీ. అతని భార్య తెలియనివారి బెంచీ. ఒకరోజు ఆవిడ ఒక పేజీ తిప్పుతుండగా అతను ఎదుటి బెంచీలోంచి చూసి నవ్వాడు. దాని మీద అతనికి తాఖీదు వచ్చింది: "ముఖకవళికల ద్వారా ముగింపు వెల్లడి." అప్పటినుంచి నూకరాజు గ్రంథాలయానికి తువ్వాలు ముఖానికి కట్టుకుని వస్తున్నాడు. ఊళ్ళో జనం వింత పడలేదు. నవలల్లో ఇంతకంటే పెద్ద వింతలు చదివినవాళ్ళే కదా!

ఇంతవరకూ నేను కూడా నవ్వుకుంటూనే ఉన్నాను. సువార్తమ్మగారు వచ్చాక నవ్వడం కుదరలేదు.

సువార్తమ్మగారు మా ఊరి ఆరోగ్యకేంద్రంలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేశారు. నాకు బొడ్డు కోసింది ఆవిడే. ఊళ్ళో సగంమందికి ఆవిడ సూది గుర్తుంటుంది. రిటైరయ్యాక మా గ్రంథాలయంలోని రాజుల్నీ రాణుల్నీ వరసపెట్టి చదువుతూ వచ్చారు. "మూసిన అంబారీ" మాత్రం ఎప్పుడు అడిగినా ఎవరి ఇంట్లోనో ఉండేది. ఒకరోజు పొద్దున్నే తొమ్మిదింటికి గోడ పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"కాకినాడ డాక్టరు చెప్పేశాడురా త్రినాథా. నీటికాసులంట. కుడికన్ను పోయింది. ఎడంది ఇంకో మూణ్ణెల్లో, నాలుగు నెల్లో ఉంటుందంట. చదవాల్సినవేమన్నా ఉంటే చదివేసుకోమ్మా అన్నాడు."

"ఏం చదువుతారండీ? బైబిలు పెద్దక్షరాలది తెప్పించనా?"

"బైబిలు నాకు నోటికొచ్చు. అది కళ్ళు లేకపోయినా చదువుకుంటాను. నువ్వు మూసిన అంబారీ ఇవ్వు."

ఇచ్చాను. రోజూ కిటికీ పక్కన భూతద్దం పెట్టుకుని కూర్చునేవారు. మొదట్లో రోజుకి పది పేజీలు, తర్వాత ఎనిమిది, తర్వాత అయిదు. దాదాపు రెండు నెలలకి రెండువందల తొంభై రెండో పేజీ చేరారు. ఆ పేజీ ఇలా ఆగిపోతుంది: "మహామంత్రి సభనంతా కలయజూసి ఇట్లనెను. హత్య చేసినవారు ఈ సభలోనే ఉన్నారు. ఆ పేరు"

"ఒరే, తర్వాత పేజీ ఏదిరా?"

నియమావళి చెప్పాను. ఆవిడ విని, కళ్ళద్దాలు తీసి, చీరచెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అర్జీ పెట్టాలా? పేరు తెలుసుకోడానికి?"

నేను చుట్టూ చూసి గొంతు తగ్గించాను. "సువార్తమ్మగారూ, పోనీ నేను..."

"చెప్పావంటే చెవి మెలేస్తాను. ఎవరో చెబితే అది కబురురా. నేను చదివితే కథ. అర్జీ కాగితం ఇలా పట్రా."

నిజం ఒప్పుకుంటాను. ఆవిడ వద్దన్నందుకు నాకు లోపల హాయిగా అనిపించింది. చెప్పే ధైర్యం నాకు లేదు, వద్దని ఆవిడే అన్నారు. ఇద్దరి పరువూ దక్కింది.

కమిటీ మూడు వారాలకి కూర్చుంది. అధ్యక్షుడు ప్రత్యేకాధికారి. సభ్యులు పశువైద్యశాఖ నుంచి ఒకాయన, నీటిపారుదల నుంచి ఒకాయన. ఇద్దరికీ పుస్తకాలు చదివే అలవాటు లేదని వారి వారి శాఖలు ధ్రువీకరించాయి. మొదట ఒక చిన్న చిక్కు వచ్చింది. అధికారిగారు ముగింపు తెలిసినవారు, అంటే తెలిసిందనుకుంటున్నవారు. ఆయన నియమం ప్రకారమే ఆయన కమిటీలో ఉండకూడదు. దాన్ని ఆయనే తేల్చేశారు: "అయిదవ పేజీలోని రాతను నేను అధికార హోదాలో చూచితిని. వ్యక్తిగత హోదాలో నాకు ఏమియు తెలియదు."

సువార్తమ్మగారిని పిలిచారు.

"మీ అనుమానము ఎవరి మీద?"

"మావటి మీదండి."

"కారణములు వివరింపుడు."

"శవం పెదాలు నల్లబడ్డాయని నలభయ్యో పేజీలో ఉందండి. ఒంటిమీద గాయం లేదన్నాడు. నేను నర్సుని బాబూ, గాయం లేకపోవడం ఉండదు, చూడాల్సినచోట చూడకపోవడం ఉంటుంది. అంకుశం మొన సన్నగా ఉంటుంది కదా. విషం పూసి జుట్టులో గుచ్చితే ఎవరికి కనపడుతుంది?"

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఆవిడ చెప్పింది రైటో తప్పో వాళ్ళకి తెలియదు. తెలియాలంటే కవరు తెరవాలి. కవరు తెరిస్తే వాళ్ళు తెలిసినవారు అయిపోతారు, కమిటీ రద్దయిపోతుంది. చాలాసేపు ఆలోచించి, ఎవరు చంపారో ఓటు వేసి తేల్చాలని నిర్ణయించారు. అధికారిగారు ఏ హోదాలోనో గాని రాజవైద్యుడికి వేశారు. పశువైద్యశాఖాయన ఏనుగుకి వేశాడు. నీటిపారుదలాయన మెజారిటీ ఎటుంటే అటన్నాడు. మెజారిటీ లేకపోవడం వల్ల వచ్చేనెలకి వాయిదా వేశారు.

"వచ్చేనెలంటే నాకు చీకటి బాబూ" అన్నారు సువార్తమ్మగారు.

"నియమములకు చీకటి వెలుగు అను భేదము లేదమ్మా" అన్నారు అధికారిగారు. చెడ్డగా అనలేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు.

మరుసటి నెల సమావేశంలో ఆవిడ జవాబు "పాక్షికముగా సంతృప్తికరము" అని తేలింది. "మూసిన అంబారీ" వరసలో ఎనభై ఏడో పుస్తకం. ఎనభై ఏడో నెంబరు కవరు తీసి, సీలు సరిచూసి, ముట్టినట్టు సంతకం చేయించుకుని ఆవిడ చేతికి ఇచ్చారు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టుకుని నేనే చూపించాను. అప్పటికి ఎడమకన్ను కిటికీ దగ్గర మాత్రమే పనిచేస్తోంది, అదీ పదకొండు నుంచి ఒంటిగంట దాకా.

పదహారు పేజీలు చదవడానికి నాలుగు రోజులు పట్టింది. అక్షరం అక్షరంగా, భూతద్దం కాగితానికి ఆనించి.

మొదటి రోజు, "ఎవరో కొత్తమనిషి వచ్చాడురా. గుర్రాల వర్తకుడంట" అన్నారు.

రెండో రోజు, "ఏనుగు ఊసే లేదేంటి?" అన్నారు.

మూడో రోజు పుస్తకం తెరిచి పాత పేజీలు వెతికారు.

నాలుగో రోజు భూతద్దం బల్ల మీద పెట్టేశారు. "చంపింది పడవ సరంగంటరా. ఇందులో పడవెక్కడుందిరా? నేను మర్చిపోయానా? కన్ను పోతోందనుకున్నాను, బుర్ర కూడా పోతోందా త్రినాథా?"

ముప్పై ఏళ్ళు ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషి గొంతు అలా వణకడం నేను ఎన్నడూ వినలేదు. నాకు సిగ్గేసింది. మిగిలిన చూపులో నాలుగు రోజులు తీసుకుని ఎవరి కథో చదివించాం. దానికి నా సంతకం కూడా ఉంది.

"మీ బుర్ర బ్రహ్మాండంగా ఉందండీ. కవరే మారిపోయింది" అన్నాను.

అధికారిగారికి ఫోను చేశాను. ఆయన ఓపికగా విన్నారు.

"ముగింపు ముట్టినట్లు సంతకమున్నది కదా?"

"ఉందండీ, కాని అది వేరే నవలది. మిగతా కవర్లు తెరిచి చూస్తే..."

"ఒక పాఠకునికి ఒక పుస్తకమునకు ఒక ముగింపు. రెండవ ముగింపు మంజూరు చేసినచో అందరును రెండేసి అడుగుదురు. అయినను, అది వేరే నవలదని మీకు ఎట్లు తెలియును?"

ఈసారి నేను "లేదండి" అనలేదు. ఫోను పెట్టేశాను.

రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంది కాబట్టి బీరువా తెరిచే దారి లేదు. ఆ ఆదివారం తొమ్మిది దస్తాల తెల్లకాగితం, అరడజను నల్ల స్కెచ్ పెన్నులూ తెచ్చుకుని, అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. "ఆ పేరు" దగ్గర మొదలుపెట్టాను. పేరు చెప్పేముందు మహామంత్రి సాక్ష్యాలన్నీ తిరగేస్తాడు. నిమ్మకాయంత అక్షరాలు, కాగితానికి నాలుగు వరసలు. నాలుగుసార్లు చదివినవాణ్ణి కనక చాలాచోట్ల మాటకి మాట గుర్తుంది. గుర్తులేనిచోట మహామంత్రిగారి తరఫున నేనే మాట్లాడాను. పొద్దుగూకేసరికి చెయ్యి వాచింది. రెండువందల పన్నెండు కాగితాలైంది.

"ఏంట్రా రాస్తున్నావు, బళ్ళో పిల్లాడిలా?" అంది అమ్మ.

"తప్పు చేస్తున్నానమ్మా."

"దస్తూరీ బాగుంది" అంది.

సోమవారం పదకొండింటికి సువార్తమ్మగారి ఇంటికే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ మొదటి కాగితం కిటికీకి ఎదురుగా పట్టుకుని, "ఇది అచ్చు కాదే" అన్నారు.

"కాదండీ. చెప్పడం మాత్రం లేదు. మీరే చదువుతున్నారు."

ఆవిడ చదివిన కాగితం చదివినట్టు ఒళ్ళో బోర్లించుకుంటూ వెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి సరిగ్గా ఆ పేరు ఉన్న కాగితం చేతిలో ఉంది. దాన్ని కంటికి దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా పెట్టి చూశారు. తర్వాత ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. మంచినీళ్ళు ఇచ్చాను.

"మోసపోయానురా త్రినాథా! అరవై ఏళ్ళ నుంచి చదువుతున్నాను ఇవి. ఇంకా నన్ను మోసం చేస్తూనే ఉన్నారు, దొంగసచ్చినోళ్ళు. పదిహేడో పేజీలోనే చెప్పాడురా! నా కళ్ళ ముందే పెట్టాడు!"

ఆవిడ ముఖంలో ఆ పూట ఉన్న వెలుగు నేను మర్చిపోను. ఎడమకన్ను ఇంకో పదకొండు రోజులు పనిచేసింది. ఆ పదకొండు రోజులూ అవే కాగితాలు మళ్ళీ చదువుకున్నారు.

త్రినాథుడు చేత్తో రాసిచ్చాడని ఊరంతా ఆవిడే చెప్పారు. పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు మెమో వచ్చింది. ఆరోపణలు మూడు. ముగింపు తెలిసి ఉండుట. తెలియదని సంతకము చేయుట. సదరు ముగింపును పది అడుగుల దూరము నుండి సైతము చదువుటకు వీలగు అక్షరములలో వెల్లడి చేయుట. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

సంజాయిషీ రాయడం నాకు కొత్త కాదు. ప్రతిసారీ రెండు పేజీలు రాసి, మూడుచోట్ల క్షమించమని వేడుకునేవాణ్ణి. ఈసారి ఒక్క వాక్యం రాశాను.

"అయ్యా, చంపింది రాజవైద్యుడు కాదు. చిత్తగించవలెను."

మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు జీపు వచ్చి ఆగింది. అధికారిగారు ఒక్కరే దిగారు. నిద్ర లేనివారిలా ఉన్నారు.

"కాడా?"

"కాదండి."

"పదకొండు నెలల నుండి వైద్యుడే అనుకొనుచున్నాను. మరి ఎవరు?"

"నాకు తెలియదని సంతకం పెట్టాను కదండీ. మీ ఫైల్లోనే ఉంది."

ఆయన బీరువా వైపు చూశారు. అందులో నూట ముప్పై తొమ్మిది కవర్లు, ఏది దేనిదో ఆ దేవుడికీ లోవరాజుకీ కూడా తెలియదు. ఇక మిగిలింది నా రెండువందల పన్నెండు కాగితాలు. అవి సువార్తమ్మగారి దిండు కింద ఉన్నాయి. నేనే దారి చూపించాను. చేతిలో పుస్తకం కూడా పెట్టాను, అవసరం పడుతుందని.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. తలుపు చప్పుడుకి ఇటు తిరిగారు గాని, చూపు మా మీద ఆనలేదు.

"ఎవరు బాబూ?"

"నేనమ్మా, ప్రత్యేకాధికారిని. ఒక చిన్న విషయము. ఆ అంబారీలో..."

"ఓ, మీరా! కూర్చోండి. పేరు కావాలా?"

"అవునమ్మా. అధికారికముగా కాదు."

"చెబితే అది కబురు బాబూ. చదివితే కథ. నా కళ్ళు ఎలాగూ అయిపోయాయి, మీకున్నాయి కదా. మొదటి పేజీ నుంచి చదవండి, గట్టిగా. నాకూ వినపడాలి. చివరిదాకా వస్తే దిండు కింద ఉన్నవి ఇస్తాను."

"నాకు చాల బాధ్యతలున్నవమ్మా."

"అందుకే రోజుకి పది పేజీలు చాలు."

ఆయన నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని, గొంతు సవరించుకుని, మొదటి వాక్యాన్ని సర్క్యులరు చదివినట్టు చదవడం మొదలుపెట్టారు. "అలా కాదు బాబూ, అక్కడ ఊరేగింపు వస్తోంది, జనం అరుస్తున్నారు" అన్నారు సువార్తమ్మగారు. ఆయన మళ్ళీ మొదటినుంచి, ఈసారి కొంచెం హుషారుగా చదివారు.

వారానికి మూడు రోజులు తనిఖీ పేరు మీద గోగులంక వస్తున్నారు. నా మీద విచారణ నిలిచిపోయింది. నేను వెల్లడి చేసింది నిజమైన ముగింపో కాదో విచారణాధికారికి తెలియాలి కదా, తెలియడానికి ఆయన ఇంకా అక్కడిదాకా రాలేదు. నిన్న నూట పన్నెండో పేజీలో ఆపారు. నేను గుమ్మం దగ్గర ఎదురొస్తే ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"త్రినాథరావుగారూ, వ్యక్తిగత హోదాలో చెప్పుచున్నాను. నాకు మావటి మీద అనుమానముగా నున్నది."

లోపలినుంచి సువార్తమ్మగారి నవ్వు వినిపించింది.